మాంద్యం వస్తే ఖజానా ఎవరికి ముందు తెరవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ద్రవ్యలోటుపై (రాబడిని మించి ప్రభుత్వం చేసే ఖర్చుపై) వచ్చిన వ్యాసం చదివి విశాఖపట్నం పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. వాటిలో ఆర్థిక మాంద్యం నాటి ప్రభుత్వ వ్యయం, పన్నులు, సంక్షేమ పథకాల గురించి అడిగిన వాటిని ఈ సంచికకు ఎంచుకున్నాము. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించక తప్పలేదు. రాసినవారి పేర్లకు బదులు వృత్తిని, ప్రాంతాన్ని మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: ఆదాయం తగ్గితే మా ఇంట్లో ముందు ఖర్చు తగ్గించుకుంటాము. ప్రభుత్వాలు మాత్రం మాంద్యం అనగానే అప్పు చేసి మరీ పథకాలు ప్రకటిస్తాయి. ఉన్నంతలో సర్దుకోవాలన్న ఇంగితం ప్రభుత్వానికి ఉండనక్కరలేదా?
— విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: మీ ఇంటి వరకు ఆ నియమం నూటికి నూరుపాళ్లూ సరైనదే. మీరు ఈ నెల ఖర్చు తగ్గించుకున్నంత మాత్రాన వచ్చే నెల మీ పింఛను తగ్గదు. ప్రభుత్వానికి ఆ వెసులుబాటు లేదు. అది ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ ఎవరో ఒకరికి ఆదాయంగా చేరుతుంది, ఆ ఆదాయంతో జరిగే కొనుగోళ్ల మీద పన్ను మళ్లీ ఖజానాకే వస్తుంది. జనం, వ్యాపారులు భయపడి చేతులు ముడుచుకున్న సమయంలోనే ప్రభుత్వం కూడా ముడుచుకుంటే అమ్మకాలు మరింత పడిపోతాయి, పన్నుల రాబడి తగ్గుతుంది, ఏ లోటును పూడ్చాలని ఖర్చు కోశారో ఆ లోటు అక్కడే ఉండిపోతుంది. 2010 తరువాత అప్పులవాళ్ల ఒత్తిడికి తలొగ్గి పొదుపు బాట పట్టిన గ్రీసు ఆర్థిక వ్యవస్థ దాదాపు నాలుగో వంతు కుంచించుకుపోయింది. దేశ ఆదాయంతో పోల్చి చూస్తే ఆ దేశపు అప్పు తగ్గకపోగా పెరిగింది. అమెరికాలో కూడా 1930ల మహామాంద్యం నుంచి కోలుకుంటున్నామని నమ్మి 1937లో ప్రభుత్వం ఖర్చు తగ్గించి పన్నులు పెంచగానే, ఆ దేశం రెండోసారి మాంద్యంలో పడింది.

ఈ అనుభవం మన ప్రాంతానికి అంతకు ముందే ఉంది. 1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు కలకత్తా ప్రభుత్వం మద్రాసు రాజధానికి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించడమే పరమావధిగా పెట్టుకుని, 1877 ఆరంభంలో కరువు పనుల్లో మగ కూలీకి రోజు కూలిని పౌను ధాన్యానికి, ఒక అణాకు కుదించాడు. ఆ తిండితో రోజంతా మట్టి మోయడం మనిషి వల్ల కాదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ మొదటి నుంచీ వాదించాడు. చివరికి కొన్ని నెలలకే కూలి పెంచక తప్పలేదు. ఆ కొన్ని నెలల్లో పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు. కరువు వచ్చినప్పుడు ఎవరికి, ఏ పని, ఎంత కూలికి ఇవ్వాలో ముందే రాసి పెట్టుకోవాలన్న కరువు నియమావళి 1880 నాటి కమిషన్ సిఫారసుతో వచ్చింది.

మాంద్యం అంటే సాధారణంగా వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గడం. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశ ఉత్పత్తి ఏడాది మొత్తం మీద తగ్గింది ఐదు సార్లే: 1957-58, 1965-66, 1972-73, 1979-80, 2020-21. మొదటి నాలుగు సార్లూ వానలు మోసం చేశాయి, 1979-80లో చమురు ధర కూడా తోడైంది. 2020-21లో మాత్రం పంటలు బాగానే పండాయి. పని, రాబడి ఆగిపోయింది పట్టణాల్లో. ఆ తేడా గుర్తు పెట్టుకోండి, దానితో ముందు ముందు పని ఉంది.

ఇంత చెప్పాక మీ అనుమానంలోని న్యాయాన్ని కూడా ఒప్పుకోవాలి. మాంద్యంలో అప్పు చేయడం తప్పు కాదు. కోలుకున్నాక కూడా అదే దారిలో నడవడం తప్పు. 2008లో ప్రపంచ సంక్షోభం వచ్చినప్పుడు కేంద్రం పన్నులు తగ్గించింది, ఖర్చు పెంచింది. 2007-08లో జాతీయోత్పత్తిలో 2.5 శాతంగా ఉన్న ద్రవ్యలోటు మరుసటి ఏడాది 6 శాతానికి, 2009-10లో 6.5 శాతానికి చేరింది. వృద్ధి త్వరగానే పుంజుకుంది కానీ ఇచ్చిన రాయితీలను వెనక్కి తీసుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. తరువాతి సంవత్సరాల్లో ధరల మంటకు అది కూడా ఒక కారణమే. ఆ మంటలో ఎక్కువగా కాలింది స్థిరమైన పింఛనుతో బతికే మీలాంటివారే.

ప్రశ్న: నేను నాలుగిళ్లలో వంట పని చేస్తాను. మా అత్తగారికి నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది. నేను పని చేసే ఒక ఇంట్లో, “మేము కట్టే పన్నులతోనే మీకు పింఛన్లు” అని మాటిమాటికీ అంటారు. మేము ప్రభుత్వానికి ఏమీ కట్టనట్టేనా?
— గృహిణి, కంచరపాలెం

జవాబు: కడుతున్నారమ్మా, రోజూ కడుతున్నారు. రసీదు మీద మీ పేరు ఉండదు, అంతే తేడా. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రతి రూపాయి రాబడిలో 24 పైసలు అప్పు. ఆదాయపు పన్ను 22 పైసలు, జీఎస్టీ 18 పైసలు, కంపెనీల పన్ను 17 పైసలు, ఎక్సైజ్ సుంకం 5 పైసలు. ఆదాయపు పన్ను కట్టేవారిది పెద్ద వాటాయే, దానిని చిన్నబుచ్చనక్కరలేదు. కానీ జీఎస్టీ కట్టేవారిలో మీరూ ఉన్నారు. 2025 సెప్టెంబరు 22కు ముందు మీరు కొన్న ఒంటి సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు మీద 18 శాతం పన్ను ఉండేది, ఆ రోజు నుంచి 5 శాతం అయింది. మీ ఆయన బండిలో పోసే పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం కాక, రాష్ట్ర వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. ఇవి మీకూ, మీరు వంట చేసే ఇంటి యజమానికీ ఒకటే రేటు. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇంటికీ లక్షన్నర వచ్చే ఇంటికీ సబ్బు మీద పన్ను సమానమే కనుక, ఆదాయంలో వాటాగా చూస్తే బరువు మీ మీదే ఎక్కువ.

మాంద్యంలో ఈ బరువు ఇంకా పెరగవచ్చు. 2020 మార్చిలో ఒకసారి, మే నెలలో మరోసారి పెట్రోలు, డీజిలు మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం పెంచింది. లీటరు పెట్రోలు మీద 19 రూపాయల 98 పైసలుగా ఉన్న సుంకం 32 రూపాయల 98 పైసలైంది. డీజిలు మీద 15 రూపాయల 83 పైసల నుంచి 31 రూపాయల 83 పైసలకు పెరిగింది. ప్రపంచ మార్కెట్‌లో ముడిచమురు నేలకు పడిపోయిన రోజులవి. ఆ చవక ధర మన ఇంటి వరకు రాకుండా మధ్యలోనే ఖజానాకు వెళ్లింది. ఆ పెంపులో ఎక్కువ భాగం సెస్సు, అదనపు సుంకం రూపంలో వేశారు కనుక రాష్ట్రాలకు పంచవలసిన వాటాలోకి కూడా రాలేదు. కేంద్రానికి ఆ ఏడాది డబ్బు కావలసి వచ్చిన మాట నిజమే. అయినా పనులు పోయిన ఏడాదిలో ఆటో నడిపేవాడి మీద, కూరగాయల లారీ మీద పన్ను పెంచడం నా దృష్టిలో సమర్థించదగిన పని కాదు.

ఇక మీ అత్తగారి 4,000 రూపాయలు. ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి ఇచ్చిన ఆ డబ్బులో మూడో తేదీకి ఎంత మిగులుతుందో మీకే బాగా తెలుసు. బీపీ మాత్రలకు కొంత, కిరాణా కొట్టులో అరువు ఖాతాకు కొంత, మనవడి పుస్తకాలకు కొంత పోయి ఉంటుంది. డిమాండు పడిపోయిన కాలంలో ప్రభుత్వానికి కావలసింది సరిగ్గా అదే, ఇచ్చిన డబ్బు ఆగకుండా కదలడం. అదే 4,000 మీరు వంట చేసే ఇంటి యజమానికి పన్ను రాయితీగా ఇస్తే అది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఈ మాట ఆయనతో అనాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉద్యోగం ముఖ్యం కదా.

ప్రశ్న: నేను చిన్న సివిల్ కాంట్రాక్టరును. ఒక ప్రభుత్వ సంస్థ తరఫున డ్రైన్లు, సీసీ రోడ్డు పనులు చేశాను. కొలతలు తీసి ఎం-బుక్‌లో రాసి, బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కించి ఏడాది దాటింది. ఎప్పుడు అడిగినా నిధులు లేవంటారు. పథకాల డబ్బు మాత్రం అనుకున్న తేదీకే జనం ఖాతాల్లో పడుతోంది. మాంద్యంలో రోడ్లు, కాలువల మీద ఖర్చే గొప్పదని మీ పత్రికే రాసింది. ఇదేనా ఆ గొప్ప?
— కాంట్రాక్టరు, గాజువాక

జవాబు: మీ ప్రశ్నలో కోపం ఉంది, అందుకు కారణమూ ఉంది. ఇది బడ్జెట్ పుస్తకాల్లో కనిపించని కోత. పింఛను తగ్గిస్తే పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది, జీతం ఆపితే సంఘాలు రోడ్డెక్కుతాయి. బిల్లు ఆపితే అడిగేవాడు ఒక్కడే, వాడికి వచ్చే టెండరు మీద ఆశ ఉంటుంది కనుక గట్టిగా అడగడు.

రాష్ట్రాలు ఈ దారి ఎందుకు పడతాయో చూడాలి. మాంద్యంలో కేంద్రం తన లోటును కావలసినంత పెంచుకోగలదు. 2020-21లో జాతీయోత్పత్తిలో 3.5 శాతం లోటు అని బడ్జెట్‌లో రాసుకుని, ఏడాది చివరకు 9 శాతం దాటింది. రాష్ట్రానికి ఆ స్వేచ్ఛ లేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణం మూడో క్లాజు ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. ఆ అనుమతి మామూలుగా రాష్ట్ర స్థూలోత్పత్తిలో 3 శాతం దగ్గర ఆగుతుంది. 2020-21లో దానిని 5 శాతం వరకు పెంచారు కానీ పెంచినదాంట్లో చాలా భాగానికి షరతులు పెట్టారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార అనుమతుల సరళీకరణ, పట్టణ సంస్థల పన్నులు, విద్యుత్ పంపిణీ వంటి సంస్కరణలు చేసిన మేరకే ఆ అదనపు అప్పు. ఈ పరిమితిలో రిజర్వు బ్యాంకు మంగళవారాల్లో జరిపే వేలంలో రాష్ట్రం బాండ్లు అమ్ముకోవాలి. అది చాలని రోజున రిజర్వు బ్యాంకు దగ్గర చేబదులు తీసుకోవాలి, అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి వెళ్లాలి. జీతాలు, పింఛన్లు, పాత అప్పుల వడ్డీ ఆపడానికి వీలుండదు. రాబడి పడిపోయిన నెలలో చేతికి దొరికేవి రెండే: సంక్షేమం, పనుల బిల్లులు. సంక్షేమానికి ఓటు ఉంది.

ఇప్పుడు దీని ఖరీదు లెక్క వేద్దాము. మీరు పని పూర్తి చేయడానికి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటారు, ఏడాదికి అది 24 శాతం. రాష్ట్రం ఈ మధ్య మంగళవారం వేలంలో ఏడు శాతం పైచిలుకు వడ్డీకి అప్పు తెచ్చుకుంటోంది. అంటే ఏడు శాతానికి తెచ్చుకోగలిగినవాడు తన బాకీని ఇరవై నాలుగు శాతం కట్టేవాడి నెత్తిన పెట్టాడన్నమాట, పైగా దానికి వడ్డీ లేదు. మీరు ఇవ్వలేక సిమెంటు డీలరుకు ఆపుతారు, సెంట్రింగ్ మేస్త్రీకి ఆపుతారు. మేస్త్రీ తన దగ్గర పని చేసే శ్రీకాకుళం కూలీలకు ఆపుతాడు. ప్రభుత్వం ఒక చేత్తో సంక్షేమం కింద పంచిన డబ్బులో కొంత భాగాన్ని, ఆ కూలీ ఇంటి నుంచే, మరో చేత్తో ఇలా వెనక్కి తీసుకుంటోంది.

ప్రజాధన విధానాల జాతీయ సంస్థ పరిశోధకులు 2013లో వేసిన అంచనాలో, ప్రభుత్వ మూలధన వ్యయం, అంటే రోడ్లు, కాలువల వంటి ఆస్తుల మీద ఖర్చు, ఒక రూపాయి పెరిగితే ఉత్పత్తి 2.45 రూపాయలు పెరుగుతుందని, నేరుగా పంచే డబ్బు ఒక రూపాయికి దాదాపు ఒక రూపాయే ఇస్తుందని తేలింది. ఈ అంకెను పట్టుకుని, సంక్షేమం ఆపి రోడ్లు వేయాలని చాలామంది వాదిస్తారు. నేను అంత దూరం వెళ్లను. కొత్త రోడ్డుకు అంచనాలు, భూసేకరణ, టెండర్లు అయ్యేసరికి రెండేళ్లు పడుతుంది, ఆకలికి అంత ఓపిక ఉండదు. పింఛను ఆ నెలలోనే పని చేస్తుంది. కానీ పూర్తయిన పని బిల్లు కట్టడం ఈ రెండింటి గుణాలూ ఉన్న ఖర్చు. ఆస్తి ఇప్పటికే ఏర్పడింది, డబ్బు ఈ రోజే చేతులు మారుతుంది. మాంద్యంలో ఏ ఆర్థిక మంత్రి అయినా కొత్త పథకానికి శంకుస్థాపన చేసే ముందు పాత బిల్లులు తీర్చాలని నేను గట్టిగా అంటాను. మొదలైన పనిని మధ్యలో ఆపకపోవడం రెండో విషయం. మన విశాఖ ఓడరేవు పని 1920లలో మొదలై, మహామాంద్యం మధ్యలో సాగి, 1933లో ఓడలకు తెరుచుకుంది. అది మాంద్య నివారణకు కట్టింది కాదు, మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతి కోసం కట్టింది. అయినా ఆ చెడ్డ రోజుల్లో పని ఆపి ఉంటే ఈ ఊరు ఎలా ఉండేదో ఊహించడం కష్టం.

మీరు చేయగలిగింది కూడా చెప్పాలి. చిన్న పరిశ్రమల చట్టం, 2006 ప్రకారం 45 రోజులు దాటిన బాకీకి బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడిగే హక్కు సరుకు సరఫరా చేసేవారికి, సేవలు అందించేవారికి ఉంది. వర్క్స్ కాంట్రాక్టులకు అది వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి కనుక, దాని మీదే ఆధారపడకండి. రిట్ పిటిషను దారి ఉంది. ఉపాధి హామీ పనుల బిల్లుల విషయంలో 2021లో మన హైకోర్టు వడ్డీతో సహా చెల్లించమని ఆదేశించింది. ఎం-బుక్ నకలు, పని పూర్తయిన ధ్రువపత్రం, మీరు రాసిన విజ్ఞాపనలకు అందినట్టు సంతకాలు చేతిలో ఉంచుకుని న్యాయవాదిని కలవండి.

ప్రశ్న: అప్పు ఎందుకు? రిజర్వు బ్యాంకు నోట్లు అచ్చు వేసి ఇస్తే వడ్డీ కూడా మిగులుతుంది కదా?
— ఎం.ఏ. విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: ఒకప్పుడు దాదాపు అలాగే జరిగేది. కేంద్రం అడిగినప్పుడల్లా తాత్కాలిక ట్రెజరీ బిల్లులు (కొద్ది కాలానికి రాసిచ్చే అప్పు పత్రాలు) తీసుకుని రిజర్వు బ్యాంకు డబ్బు ఇచ్చేది. 1994లో కుదిరిన ఒప్పందంతో 1997 నుంచి ఆ పద్ధతి ఆగింది. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనకూడదు. అసాధారణ పరిస్థితుల్లో మినహాయింపు ఆ చట్టంలోనే ఉంది. మార్కెట్‌లో ఇతరుల చేతుల్లోని బాండ్లను కొనడానికి అడ్డు లేదు, 2021లో ఒక్క త్రైమాసికంలో లక్ష కోట్ల రూపాయల మేరకు కొంటానని ముందే ప్రకటించింది కూడా. సరుకు ఉండి కొనేవాడు లేనప్పుడు కొత్త డబ్బు పెద్దగా హాని చేయదు. సరుకే లేనప్పుడు, డాలర్లు నిండుకున్నప్పుడు చేస్తుంది. శ్రీలంక 2019 చివరలో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించి, పడిపోయిన రాబడిని కేంద్ర బ్యాంకు డబ్బుతో నింపుకుంటూ వచ్చి, 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. ఏ రాష్ట్ర ప్రభుత్వానికీ మాత్రం ఈ దారి ఏ రూపంలోనూ లేదు.

ప్రశ్న: నేను రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో తలలు తీసే పని చేస్తాను. 2025లో అమెరికా సుంకాలు పెంచాక మాకు నెలలో సగం రోజులే పని దొరికింది. మా ఆయన బోటు మీద వేటకు వెళతాడు. వేట నిషేధం రోజులకు ఆయనకు 20,000 రూపాయలు వచ్చాయి. నాకు పని లేని రోజులకు ఒక్క రూపాయి లేదు. ఇద్దరిదీ సముద్రం మీద బతుకే కదా?
— మత్స్యకార మహిళ, పెదజాలారిపేట

జవాబు: అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలో మీ ప్రశ్నే అసలు లోపాన్ని పట్టుకుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఆ తేదీలు ముందే తెలుసు, బోట్ల లెక్క, మత్స్యకారుల జాబితా ఉన్నాయి, బడ్జెట్‌లో పద్దు ఉంది. ఎవరూ కొత్తగా నిర్ణయం తీసుకోనక్కరలేకుండా సాయం నడిచిపోతుంది. మీ పని ఆగింది క్యాలెండరు చూసి కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది, అక్కడి కొనుగోలుదారు ఆర్డరు ఆపాడు, ఇక్కడ మీకు “రేపు రావద్దు” అన్నారు. అలాంటి రోజున దానంతట అదే మొదలయ్యే సాయం మన పట్టణాల్లో లేదు.

పల్లెల్లో ఉండేది. 2020లో వలస కూలీలు ఊళ్లకు చేరినప్పుడు ఉపాధి హామీ పథకం పని అడిగినవారికి పని ఇచ్చింది. ఆ ఏడాది బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్ల రూపాయలకు మే నెలలో మరో 40,000 కోట్లు కలిపారు. ఏడాది మొత్తం మీద దేశంలో దాదాపు 389 కోట్ల పనిదినాలు నడిచాయి. అడిగేవారు పెరిగితే ఖర్చు పెరిగింది, వ్యవసాయం పుంజుకున్నాక అడిగేవారు తగ్గి ఖర్చూ తగ్గింది. మాంద్యంలో సంక్షేమం ఎలా ఉండాలో చెప్పడానికి దీనికి మించిన నమూనా నాకు తెలియదు. కానీ అది గ్రామాలకే. 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. ఊరి పేరు పోయి వార్డు నంబరు వచ్చిన చోట జాబ్ కార్డుకు దారి మూసుకుపోయింది. 2020 మాంద్యం పట్టణాలను పట్టుకుందని పైన రాశాను. సాయపు యంత్రాంగమేమో పల్లెల్లో ఉండేది. పట్టణాలకు అందినవి ప్రధానంగా మనిషికి నెలకు ఐదు కిలోల ఉచిత ధాన్యం, మహిళల జనధన్ ఖాతాల్లో మూడు నెలల పాటు 500 రూపాయలు, తోపుడు బళ్ల వారికి 10,000 రూపాయల రుణం. వాటిలో చివరిది అప్పు, సాయం కాదు.

మీ విషయంలో ఒక సంగతి కనుక్కోండి. మీ జీతంలో ఇ.ఎస్.ఐ. కోత ఉందా? జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి, యూనిట్ ఆ చట్టం కిందకు వస్తే ఉండాలి. ఇ.ఎస్.ఐ.లో ఉన్నవారు ఉద్యోగం కోల్పోతే 90 రోజుల వరకు సగటు రోజు వేతనంలో సగం చెల్లించే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018లో మొదలైంది. మొదట పావు వంతు ఉన్న మొత్తాన్ని 2020లో సగానికి పెంచారు. రెండేళ్ల బీమా, నిర్ణీత పనిదినాల చందా ఉండాలన్న షరతులున్నాయి. గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వచ్చిన పథకం కనుక, దరఖాస్తుకు ముందు శాఖా కార్యాలయంలో అడగండి. ఇందులోనూ చిక్కు ఉంది. ఉద్యోగం పూర్తిగా పోతేనే ఇది, సగం రోజులు పని దొరికినవారికి కాదు. కాంట్రాక్టరు మస్టరులో మీ పేరు లేకపోతే అసలు ఆ తలుపే లేదు. అందుకే మీరు, మీ తోటివారు ముందుగా అడగవలసింది ఇ.ఎస్.ఐ. నంబరు.

ప్రశ్న: పథకాల బదులు పన్నులు తగ్గిస్తే వ్యాపారం దానంతట అదే లేస్తుంది కదా?
— హోల్‌సేల్ వ్యాపారి, పూర్ణా మార్కెట్

జవాబు: ఏ పన్ను అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2008 డిసెంబరులో కేంద్రం ఎక్సైజు సుంకాన్ని ఒకేసారి నాలుగు శాతం పాయింట్లు తగ్గించింది, అది వెంటనే సరుకు ధరలో కనిపించే అవకాశం ఉన్న కోత. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయలు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. అమ్మకాలు మందగించిన సమయంలో చేతికి వచ్చిన ఆ మిగులుతో కొత్త ఫ్యాక్టరీ ఎవరు పెడతారు? గోదాములో పాత సరుకు పేరుకుని ఉంటే మీరైనా కొత్త సరుకుకు ఆర్డరు పెట్టరు. కంపెనీలు అప్పులు తగ్గించుకున్నాయి, లాభాలు చూపించాయి. అది వాటికి మంచిదే కానీ మాంద్యానికి మందు కాదు. కొనేవాడి చేతిలో డబ్బు ఉండి ధర అడ్డమైనప్పుడు పన్ను కోత పని చేస్తుంది. వాడి చేతిలో డబ్బే లేనప్పుడు 18 శాతం 5 శాతమైనా వాడు మీ కొట్టు మెట్లెక్కడు.

ప్రశ్న: 2020లో మా జీతాలు సగం ఆపారు, కేంద్ర ఉద్యోగులకు డీఏ ఆపారు. త్యాగం ఎప్పుడూ ఉద్యోగులదేనా?
— ఉపాధ్యాయురాలు, మద్దిలపాలెం

జవాబు: రెండింటినీ వేర్వేరుగా చూడాలి. కేంద్రం 2020 జనవరి నుంచి 2021 జూన్ వరకు 18 నెలల పాటు కరవు భత్యాన్ని స్తంభింపజేసింది. తరువాత రేటును 17 నుంచి 28 శాతానికి పెంచింది కానీ మధ్య కాలపు బకాయి ఇవ్వలేదు. అది పెరగవలసింది పెరగకపోవడం. మన రాష్ట్రంలో జరిగింది, పని చేసిన నెల జీతంలో, పింఛనులో కొంత భాగాన్ని వాయిదా వేయడం. దాని మీద హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ, ప్రభుత్వానికి డబ్బు ఇబ్బంది ఉన్నంత మాత్రాన చెల్లించవలసిన జీతం, పింఛను హక్కు కాకుండా పోదన్న మాటను నిలబెట్టింది.

ఆర్థిక కోణంలో చూస్తే, స్థిరమైన జీతం ఉన్నవారు మాంద్యంలో మిగిలినవారి కంటే నయమైన స్థితిలో ఉంటారన్నది మీరు కాదనలేరు. ఉద్యోగం పోని వారి మీద, అందులోనూ పై స్థాయి జీతాల మీద, కొంతకాలం తేలికపాటి భారం వేసి ఆ డబ్బును పని పోయినవారికి మళ్లించడంలో అన్యాయం లేదు. అది ఆదాయాన్ని బట్టి, గడువు ముందే చెప్పి, ప్రైవేటు రంగంలోని పెద్ద జీతాలనూ కలుపుకుని, ఆదాయపు పన్ను సర్‌చార్జీ రూపంలో వేయాలి. రాష్ట్ర ఖజానా చేతికి అందేది తన ఉద్యోగి జీతమే కనుక అక్కడే కోయడం జరుగుతోంది. పెద్ద ఆదాయాల మీద పన్ను వేసే అధికారం కేంద్రానిది. రాష్ట్రం వేయగల వృత్తి పన్నుకు రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. మీ జీతపు చీటీలో నెలకు 200 రూపాయలు కోత చూస్తుంటారు కదా, నెలకు పది లక్షలు తీసుకునే వారి చీటీలోనూ అదే 200 ఉంటుంది.